నూట ఇరవై అడుగుల తప్పు

చేతిపంపుల మెకానిక్కుగా ముప్పై మూడేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. మా వైపు చేతిపంపు అంటే ఎవరూ అనరు, బోరింగు అంటారు. కనిగిరి చుట్టుపక్కల పల్లెల్లో నా పేరు తెలిసినవాళ్ళు తక్కువే గాని, "బోరింగాయన" అంటే ఎవరైనా మా ఇల్లు చూపిస్తారు. ఈ మధ్య మా శాఖలో కొత్తగా చేరిన నలుగురు ఇంటికొచ్చి, మీ సర్వీసులో మరిచిపోలేని రిపేరు ఏదని అడిగారు. ఏదో ఘనకార్యం వింటామనుకున్నట్టున్నారు. నేను వాళ్ళకు నా తప్పు గురించి చెప్పాను. చెబుతూ చెబుతూ కుర్చీలోంచి లేచి నిలబడ్డానట, మా ఆవిడ తర్వాత నవ్వింది. ఇప్పుడు రాస్తుంటే కూడా నాకు కుదురుగా కూర్చోబుద్ధి కావడం లేదు.

అది నా సర్వీసులో చివరి ఏడాది. కనిగిరికి పన్నెండు కిలోమీటర్ల అవతల ఒక చిన్న పల్లె. అక్కడ మూడు బోరింగులున్నాయి. రెండింటికి ఎర్ర రంగు పూసి ఉంటుంది. ఫ్లోరైడు ఎక్కువ, తాగొద్దని దాని అర్థం. ఆ నీళ్ళు తాగి నలభై ఏళ్ళకే నడుము వంగినవాళ్ళను చూస్తూ బతికిన ఊరు కాబట్టి, ఆ రంగును ఎవరూ తేలిగ్గా తీసుకోరు. మూడోది చర్చి పక్కన ఉంది. దాని నీళ్ళు తియ్యన. ఊరంతటికీ తాగే నీళ్ళు అవే.

దాన్ని నేనే పాడుచేశాను.

నాతో పనిచేసే హెల్పరు ముస్లిం. నాకన్నా పదేళ్ళు చిన్నవాడు. పద్దెనిమిదేళ్ళు ఒకే బండి మీద, ఒకే సామాన్ల సంచితో తిరిగాం. మాట తక్కువ, పట్టు ఎక్కువ. నన్ను "అన్నా" అంటాడు. ఆ ఏడాది వాళ్ళ రంజాన్ నెలా, మా శ్రమకాలమూ ఒకేసారి వచ్చాయి. అతను ఉపవాసాలు మొదలుపెట్టి మూడు రోజులైంది. ఆ రోజు మా బూడిద బుధవారం. ఈస్టర్ ముందు నలభై రోజుల ఉపవాసకాలం ఆ రోజుతోనే మొదలవుతుంది.

ఆ బోరింగుకు వాషర్లు అరిగి నీళ్ళు సన్నగా వస్తున్నాయని కబురొస్తే ఇద్దరం వెళ్ళాం. పెద్ద పనేమీ కాదు. లోపలి పైపులన్నీ పైకి తీసి, అడుగున ఉండే సిలిండరులో వాషర్లు మార్చి, మళ్ళీ పైపు వెంట పైపు బిగించుకుంటూ కిందికి దించాలి. పది అడుగుల పైపులు పన్నెండు. దించేటప్పుడు ఆ బరువంతా బోరు మూతి దగ్గరున్న ఒక ఇనుప క్లాంపు మోస్తుంది. దాని బోల్టు గట్టిగా బిగించి ఉంటేనే మోస్తుంది.

సాయంత్రం నాలుగున్నరకు పన్నెండో పైపు దగ్గరికొచ్చాం. మా ఆవిడ అప్పటికే మూడుసార్లు ఫోన్ చేసింది. "ఈసారన్నా బూడిద బుధవారం ఆరాధనకు వస్తానన్నారు గదా, ఆరింటికల్లా రావాలి" అని. నాకు దేవుడి మీద కోపమేం లేదు. అమ్మ పోయాక నా భక్తి క్రిస్మస్ కేకు దగ్గర ఆగిపోయింది, అంతే. అయినా మాటిచ్చాను. తొందరలో బోల్టును రెంచీతో రెండు తిప్పులు తిప్పాల్సింది ఒక్కటే తిప్పి, పైనున్న పట్టు వదలమని చెప్పాను.

క్లాంపు జారింది. పైపులన్నీ సర్రుమని లోపలికి పోయాయి. నూట ఇరవై అడుగుల ఇనుము బోరు అడుగును తాకిన దెబ్బ నా అరికాళ్ళకు తెలిసింది.

ఊళ్ళోవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. "ఏందయ్యా ఆ చప్పుడు?"

నా నోట్లోంచి మాట ఎంత నున్నగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "పాత పైపు గదా. గుంజీ గుంజీ పైపుల్ని కలిపే మర అరిగిపోయింది. తెగి పడింది."

మా హెల్పరు నా వైపు ఒక్కసారి చూశాడు. వంగి రెంచీలు ఏరుకున్నాడు.

ఆరింటికి కనిగిరిలో మా చర్చిలో ఉన్నాను. పాస్టరు గారు పశ్చాత్తాపం గురించి చెబుతున్నారు. నేను గ్రీజు వదలని చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

మర్నాడు మధ్యాహ్నం వేరే ఊళ్ళో పనిలో ఉండగా క్యారేజీ విప్పబోయాను. హెల్పరు చెట్టు నీడన కూర్చుని, "అన్నా, మీకూ ఉపవాసాలే గదా ఇప్పుడు?" అన్నాడు. మామూలుగానే అడిగాడు. నేను అవునన్నాను. అన్నాక ఎలా తింటాను? క్యారేజీ మూసేశాను. రెండో రోజూ మూసేశాను. కుర్రతనంలో అమ్మ ఎంత చెప్పినా ఒక్క శుక్రవారం పస్తుండని నేను, అరవయ్యో ఏట తోటివాడి ముందు పరువు పోతుందని శ్రమకాలం పాటించడం మొదలుపెట్టాను. భక్తి ఏ దారిన వస్తుందో ఎవరూ చెప్పలేరు.

పడిన పైపుల్ని తీయడానికి మా దగ్గర ఒక పనిముట్టుంది. టాపు అంటాం. కొసన సన్నగా, ఒంటినిండా మరలతో ఉండే ఇనుప ముక్క. దాన్ని వేరే పైపుల కొసకు బిగించి బోర్లోకి దించి, పడిన పైపు నోట్లోకి దూర్చి తిప్పాలి. మర పట్టుకుంటే పైకి లాగొచ్చు. చెప్పడానికి ఇంతే. బోరు నూట ఎనభై అడుగులు, పడిన పైపుల పై కొస అరవై అడుగుల దగ్గరుంది. అంత లోతున, కళ్ళకు కనపడని పైపు బోరు గోడకు ఒరిగి ఉంటే, దాని నోరు దొరకడం మాత్రం చీకట్లో సూదిలో దారమెక్కించడమే.

మొదటి వారం ప్రయత్నించాం. టాపు పక్కనుంచి జారిపోయింది. పదకొండుసార్లు దించి పదకొండుసార్లు తీశాం. మూడో వారం ఒకసారి పట్టింది. మూడుకాళ్ళ స్టాండుకు బరువులెత్తే చైన్ బ్లాకు తగిలించి రెండడుగులు లేపామో లేదో, పట్టు తప్పి మళ్ళీ కిందికి పోయింది. సాయం పట్టడానికి ఊళ్ళో మనుషుల్లేరు. ఒంట్లో సత్తువున్న ప్రతి ఒక్కరూ మిరప కోతలకు ప్రత్తిపాడు వైపు వెళ్ళారు. ఫిబ్రవరి వచ్చిందంటే మా మెట్ట పల్లెలన్నీ గుంటూరు మిరప చేలల్లోనే ఉంటాయి. మిగిలింది ముసలివాళ్ళు, పిల్లలు, మేకలు.

రెండోసారి విఫలమైన రోజున సామాను సర్దుతుంటే ఒక ముసలామె దగ్గరికొచ్చింది. ఒంటరి మనిషి. చర్చి ఊడ్చేదీ, గంట కొట్టేదీ ఆమే. పక్క ఊరికి నడిచి వెళ్ళి తెచ్చిన బిందె చంకలో ఉంది. ఆయాసపడుతోంది.

"అయ్యా, ఒక్క మాట అడగనా?" అంది.

"అడగమ్మా."

"నా చేతులు మోటువంట. దున్నపోతు మాదిరి గుంజుతానంట. నేను గుంజబట్టే మర తెగిందని అంటన్నారు ఊళ్ళో. ఈ శ్రమ దినాల్లో తప్పు ఒప్పుకోవాలని పాస్టరు గారు చెప్పినాడు. ఒప్పుకుందామనే మోకాళ్ళేసినా. ఏ రోజు అంత గట్టిగా గుంజినానో ఎంత తలుచుకున్నా గుర్తు రావటం లే. నీకేమన్నా తెలుసునా?"

నాకు తెలుసు. తల అడ్డంగా ఊపాను. ఆమె బిందె సర్దుకుని వెళ్ళిపోయింది.

తిరుగు దారిలో కనిగిరి పొలిమేరల్లోకి వచ్చాక బండి వెనక కూర్చున్న హెల్పరు అన్నాడు. "అన్నా, రోజా ఉన్నోడు అబద్ధమాడితే ఆ పస్తు ఉత్త ఆకలేనని మా నాయన చెప్పేవాడు. నువ్వు ఆడితే నీకు. నేను ఊరుకుంటే నాకూ అంతే గదా."

నేను బండి ఆపలేదు. వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేదు.

మా అమ్మ ప్రత్తిపాడు మనిషి. మిరపకాయలు కోసే కూలీ. ప్రతి పూటా అన్నం వండే ముందు బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దేవుడి కుండలో వేసేది. ఆదివారం ఆ బియ్యం చర్చికి పోయేవి. శ్రమకాలంలో శుక్రవారాలు తను మధ్యాహ్నం తినకుండా, ఆ తన ముద్ద బియ్యం కూడా అందులోనే వేసేది. "మనకే చాలవు గదమ్మా" అని నేను పోట్లాడేవాణ్ణి. "మనం తినకుండా ఇచ్చిందే నిజంగా ఇచ్చినట్టురా" అనేది. ఆ రోజు ఇంటికెళ్ళి కంచం ముందు కూర్చుంటే ఆ మాట కొత్తగా అర్థమైంది. నేను క్యారేజీ మూసి ఎవరికి ఏమిచ్చాను? నేను కక్కుర్తిపడి దాచుకున్నది నా మంచిపేరు. ఇవ్వాల్సింది అది.

పొద్దున్నే మా ఇంజనీరు మేడమ్‌కు ఫోన్ చేశాను. నా కూతురి వయసు. పనిలో నిక్కచ్చి. ఆ బోరు పనికిరాదని మూసేయడానికి అప్పటికే కాగితాలు సిద్ధం చేస్తోంది. జరిగింది జరిగినట్టు చెప్పాను.

"ఈ మాట మొదటి రోజే చెప్పాల్సింది మేస్త్రీ గారూ. నేను మెమో ఇవ్వక తప్పదు."

"ఇవ్వండి మేడమ్. తీసుకుంటా. బోరు మాత్రం మూయొద్దు."

"చైన్ బ్లాకు ఈ రోజే వేరే మండలానికి పంపించాలి. మూడుకాళ్ళ స్టాండు శుక్రవారం సాయంత్రం వరకు ఉంచగలను. అంతకుమించి నా చేతుల్లో లేదు."

ఫోన్ పెట్టేసి వంటగది గుమ్మంలో నిలబడ్డాను. మా ఆవిడ గరాటు పెట్టి డబ్బాలోంచి సీసాలోకి నూనె పోస్తోంది. నూనె ధార అటూ ఇటూ పోయినా గరాటు దాన్ని మధ్యకే తెస్తోంది. నేను అలా చూస్తూ ఉండిపోయాను. తర్వాత ఆ గరాటు ఆమె చేతిలోంచి లాక్కున్నాను.

"ఏమైందండీ మీకు?"

"దీన్ని బోర్లిస్తే?" అన్నాను.

పాపం, ఆమెకేం అర్థమవుతుంది. టాపు చుట్టూ బోర్లించిన గరాటు లాంటి ఇనుప తొడుగు ఉంటే, కిందికి దిగినప్పుడు గోడకు ఒరిగిన పైపును అదే మధ్యకు నెట్టుకొస్తుంది. పైపు నోరు మనం వెతకక్కర్లేదు. అదే వచ్చి టాపు కింద నిలబడుతుంది. నాకు చెప్పులు కూడా దొరకలేదు. వేర్వేరు జతల్లోవి చెరొకటి వేసుకుని హెల్పరు ఇంటికి పరుగెత్తాను.

అతను విన్నాడు. మొదట, "మేడమ్‌కు చెప్పినావా?" అన్నాడు.

"చెప్పాను. అంతా చెప్పాను."

అప్పుడు నవ్వాడు. మూడు వారాల తర్వాత మొదటిసారి. "మా బావమరిదిది వెల్డింగు షాపే గదా. పద" అన్నాడు. వెల్డింగు చేసేవాడూ ఉపవాసమే. ముగ్గురం పస్తులతో పాత పైపు ముక్క కోసి, వంచి, సాగదీసి, రెండు రోజుల్లో ఆ తొడుగు తయారుచేశాం. అందం చందం లేదు గాని, బోర్లో పట్టేంత వెడల్పే ఉంది.

శుక్రవారం ఉదయం పల్లెకు చేరాం. స్టాండు నిలబెట్టక ముందే ఉన్నవాళ్ళందరినీ బోరింగు దగ్గరికి పిలిచాను. ముసలామె చీపురు పట్టుకునే వచ్చింది.

"పైపు మర అరగలేదు. ఎవరూ గట్టిగా గుంజలేదు. ఆ రోజు తొందరలో నేను బోల్టు సరిగ్గా బిగించలేదు. మీతో అబద్ధం చెప్పాను."

ఒక పెద్దాయన కర్ర నేలకేసి కొట్టాడు. "మూడు వారాల నుంచి ఆడోళ్ళు మైళ్ళకు మైళ్ళు నడవబట్టిరి గదయ్యా. ఇప్పుడా చెప్పేది?"

"నిజమే పెద్దాయనా."

"ఈమెను నానా మాటలంటిమి మేము."

అందరూ ఆమె వైపు చూశారు. ఆమె చీపురు పక్కన పెట్టి, తన రెండు చేతులూ తిప్పి చూసుకుంది. "హమ్మయ్య" అంది. "మతి పోయిందేమో నాకు అనుకుంటన్నా." తర్వాత నాతో, "ఇంక నిలబడి ఏం చేస్తావ్? పని చూడు" అంది. ఆ మాటతో నా ఒంట్లోకి ఎంత బలం వచ్చిందో చెప్పలేను.

తొడుగు బిగించిన టాపును దించాం. అరవై అడుగుల దగ్గర ఠంగుమని తగిలింది. నెమ్మదిగా వదిలాను. తొడుగు కింద ఏదో రాసుకుంటూ కదిలింది. ఒరిగిన పైపు మధ్యకు జరుగుతోంది. ఆ కదలిక పై పైపు మీదుగా నా వేళ్ళకు తెలుస్తోంది. ఇద్దరం రెంచీలు పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాం. ఒకటి, రెండు, మూడు. నాలుగో తిప్పుకు బిగిసింది.

"ఏమన్నావన్నా?" అన్నాడు హెల్పరు.

నేనేదో అంటున్నానని అప్పుడే తెలిసింది నాకు. "చెయ్యి నాది, పట్టు నీది తండ్రీ." మిరప సాలు మొదట్లో నిలబడి, మొదటి కాయ తెంపే ముందు అమ్మ అనే మాట అది. నేను దాన్ని ఎన్నడూ నేర్చుకోలేదు. ఒక్కసారైనా అనలేదు. నలభై ఏళ్ళుగా నాలో ఎక్కడుందో ఏమో, అవసరమైన రోజున దానంతటదే పైకొచ్చింది.

"మళ్ళీ అను. మర పడతా ఉంది" అన్నాడు అతను.

పట్టయితే దొరికింది. లాగడం ఎలా? చైన్ బ్లాకు లేదు. స్టాండుకు గిలక కట్టి మోకు వేశాం. మేమిద్దరం, కర్ర పెద్దాయన, ముసలామె, ఇంకో ఐదారుగురు వృద్ధులు పట్టుకుని లాగితే జానెడు కూడా కదల్లేదు. అడుగున బురద పట్టేసింది. మధ్యాహ్నమైంది. ఒంటి గంట, రెండు. నాలుక అంగిట్లో అతుక్కుపోతోంది. గట్టిగా కుదిపితే పోయినసారిలాగే ఊడిపోతుంది. వదిలేస్తే సాయంత్రానికి స్టాండు వెళ్ళిపోతుంది. హెల్పరు మోకు నడుముకు చుట్టుకుని, కాళ్ళు తన్నిపెట్టి నిలబడ్డాడు. వదలనంటాడు.

మూడు దాటాక రోడ్డు మలుపులో ఒక మినీ లారీ హారన్ వినపడింది. ఒక కోత ముగించుకుని మిరప కూలీలు ఊరికొస్తున్నారు. మూటలు, బిందెలు, మనుషులు, అందరి ఒళ్ళూ ఎర్రటి దుమ్మే. లారీ ఆగకముందే ముసలామె ఎదురెళ్ళి కేకేసింది. "మూటలు తర్వాత దించుకోవచ్చు. రండిరా ముందు, మోకు పట్టండి."

ఇరవై మందికి పైగా దిగారు. మిరప మంటకు చేతులు వాచి ఉన్నాయి. ఒక పిల్ల, పెళ్ళయి ఏడాది కూడా అయినట్టు లేదు, అరచేతులు చూపించి, "మండతన్నాయి అవ్వా" అంది. "నీళ్ళొస్తే కడుక్కుందువు గానీ పట్టుకో" అంది ముసలామె.

నేను బోరు మూతి దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. "కుదపొద్దు. మెల్లగా బిగపట్టి, అట్లాగే ఉంచండి" అన్నాను. మోకు బిగిసింది. స్టాండు కాళ్ళు కిర్రుమన్నాయి. ఒక నిమిషం. ఇంకో నిమిషం. లోపల ఎక్కడో బురద గ్లక్కుమని వదిలింది. పైపు బెత్తెడు లేచింది. తర్వాత మూరెడు. తర్వాత ఆగలేదు.

ఒక్కో పైపూ పైకొస్తుంటే విప్పి పక్కన పరిచాం. పన్నెండూ వచ్చాయి. చివర సిలిండరు, సొట్ట లేకుండా, బురద బొమ్మలా వేలాడుతూ వచ్చింది. దాన్ని కడగడానికి ఒకావిడ తన ఇంట్లో మిగిలిన అరబిందె నీళ్ళు తెచ్చిచ్చింది.

ఇక దించడం. మొదటి పైపు క్లాంపులో పెట్టి బోల్టు తిప్పాను. వెనకనుంచి ముసలామె అడిగింది: "బిగించినావా?"

"బిగించానమ్మా."

రెండో పైపుకు నలుగురైదుగురు కలిసి అడిగారు. మూడోదానికి ఊరంతా ఒకే గొంతు. "బిగించినావా?" పిల్లలు ఎగిరెగిరి అరుస్తున్నారు. కర్ర పెద్దాయన కూడా నవ్వుతున్నాడు. పన్నెండు పైపులకు పన్నెండుసార్లు ఊరికి జవాబు చెప్పుకున్నాను. నా ముప్పై మూడేళ్ళ సర్వీసులో అంత గట్టి తనిఖీ మరొకటి జరగలేదు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. మీ వెనక అలా అడిగే ముసలామె ఉండదు. మీరే అడుక్కోండి.

పొద్దు వాలుతుండగా పంపు తల బిగించి, గుంజే చెయ్యి తగిలించాం. ముసలామెను పిలిచాను. ఆమె కదల్లేదు. ఊళ్ళో ఆడవాళ్ళే ఆమెను రెక్క పట్టుకుని తెచ్చి నిలబెట్టారు. "నీ మోటు చేతుల్తోనే గుంజు పెద్దమ్మా" అంది ఒకావిడ. అదే ఆ ఊరి క్షమాపణ.

గుంజింది. గాలి. గుంజింది. గాలే. ఇరవై ముప్పై గుంజుళ్ళకు ఎర్రటి బురద కక్కింది. ఆ తర్వాత మట్టినీళ్ళు. ఆ తర్వాత తేట. మిరప చేతులన్నీ ఒక్కసారి ధార కిందికి వచ్చాయి. ఒకరి మీద ఒకరు పడుతూ, కడుక్కుంటూ, మంటకు కేకలేస్తూ, నవ్వుతూ. ఇంజనీరు మేడమ్‌కు ఫోన్ చేసి మాట్లాడకుండా ఆ చప్పుడు వినిపించాను. "వస్తున్నాయా?" అంది. "వినండి" అన్నాను. "మెమో మాత్రం ఇస్తాను మేస్త్రీ గారూ" అంది. గొంతులో నవ్వుంది. ఇచ్చింది కూడా.

హెల్పరు ఫోన్లో టైము చూసుకుని, జేబులోంచి ఖర్జూరాలు తీసి, ఒకటి నా చేతిలో పెట్టాడు. ఆ నీళ్ళు దోసిట పట్టుకుని ఇద్దరం తాగాం. తర్వాత అతను తుండు పరుచుకుని నమాజుకు నిలబడ్డాడు. చర్చిలో శుక్రవారం కూటానికి గంట మోగింది. ముసలామె నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టింది. ఆ ఊరి పాస్టరు గారు ఆ రోజు రాలేదు. "బోరింగాయన ప్రార్థన చేస్తాడు" అని ఆమే చెప్పేసింది.

నేను ఎప్పుడూ నలుగురిలో ప్రార్థన చేసినవాణ్ణి కాదు. లేచి నిలబడ్డాను. బట్టలనిండా బురద. ఏం అన్నానో సగం గుర్తులేదు. క్షమించమన్నాను. నీళ్ళకు వందనాలు చెప్పాను. అమ్మను తలుచుకున్నాను. ఇంక మాటలు దొరక్క ఆగిపోతే, నేను ముగించానో లేదో తెలియక అందరూ తలలు వంచుకుని అలాగే ఉండిపోయారు.

అప్పుడు గుమ్మం బయటనుంచి, చెప్పుల దగ్గర నిలబడి ఉన్న మా హెల్పరు గొంతు గట్టిగా వినిపించింది.

"ఆమీన్."

లోపలున్న ఊరంతా దాన్ని అందుకుంది.